నిస్సాన్ బండ్లు మన జహీరాబాద్‌లో తయారైన రోజులు: మునిగే కంపెనీని కాపాడటం అంటే ఏం కాపాడటం?

ఈరోజు ఎపిసోడ్ మా కాక వల్ల వచ్చింది. మా కాకకి ఒక మహీంద్రా జీతో ఉంది, చిన్న ట్రాలీ. పొద్దున్నే ఉస్మాన్‌గంజ్‌లో సరుకు ఎక్కించుకుని లాల్‌దర్వాజా, ఛత్రినాక, ఉప్పుగూడ వైపు కిరాణా షాపులకి వేసొస్తాడు. కొన్నేళ్లుగా అదే పని. ఇప్పుడు ఇంటికోసం ఒక కారు కొందామని డబ్బులు జమ చేసుకున్నాడు. నిస్సాన్ మాగ్నైట్ చూశాడు, నచ్చింది. సరిగ్గా ఆ రాత్రే ఫోన్‌లో ఎవరిదో ఒక షార్ట్ వచ్చింది, 'నిస్సాన్ ఖతం' అని పెద్ద ఎర్ర అక్షరాలతో. తెల్లారి ఏడింటికల్లా మా ఇంటి ముందున్నాడు.

"ఏం రా, గా కంపెనీ మునుగుతున్నదంట కదా. గిప్పుడు కొంటే రేపు ఖరాబైతే ఎవనికి చూపియ్యాలె?"

నేను జవాబు చెప్దామని నోరు తెరిచి ఆగిపోయా. ఎందుకంటే గల్లీలో కాక జీతో ఆగి ఉంది. ఆ జీతో తయారయ్యేది జహీరాబాద్ ఫ్యాక్టరీలో. ఆ ఫ్యాక్టరీ మొదట పెట్టిందే నిస్సాన్ బండ్ల కోసం. అంటే ఒక నిస్సాన్ కంపెనీ మునిగిన చోట పుట్టిన బండి మీదే కాక ఇన్నాళ్లు బతుకుతున్నాడు, ఆయనకే తెలీదు. నిజం చెప్పాలంటే ఈ చానెల్ మొదలుపెట్టే వరకు నాక్కూడా తెలీదు.

కాబట్టి ముందు ఆ కథ చెప్తా. కాక ప్రశ్నకి చివర్లో వస్తా, స్కిప్ చేయకండి.

ఆల్విన్ అనే పేరు మీలో చాలామందికి బస్టాప్‌గానే తెలుసు. మియాపూర్ దగ్గర ఆల్విన్ క్రాస్‌రోడ్స్, కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ. బీటెక్ చదివేటప్పుడు ఆ బస్టాప్ పేరు వింటూ, ఎవరో ఇంగ్లీష్ దొర పేరనుకున్నా. మా నాయనమ్మకి మాత్రం ఆల్విన్ అంటే ఫ్రిజ్. మా ఇంట్లో ఒకటి ఉండేది, లేత నీలం రంగు, తలుపు వేస్తే ఇనప బీరువా మూసినట్టు చప్పుడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు కూడా నడిచింది అది.

1942లో నిజాం ప్రభుత్వపు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లావుద్దీన్ అండ్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ అని పెట్టాయి. అదే తర్వాత హైదరాబాద్ ఆల్విన్ అయ్యింది, రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. సనత్‌నగర్‌లో ఉండేది. ఏం తయారు చేసేదో వింటే మతి పోతుంది. బీరువాలు, ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, డబుల్ డెక్కర్లు, జపాన్ సీకో టెక్నాలజీతో చేతి గడియారాలు, పుష్పక్ అని ఒక స్కూటర్. ఇప్పటి స్టార్టప్ ఎవరైనా ఇన్ని ప్రొడక్టులు స్లైడ్‌లో పెడితే, 'బ్రో, ఒక్కటి ముందు సరిగ్గా చెయ్' అంటారు ఇన్వెస్టర్లు. ఆ లిస్టులో ఆఖర్న చేరింది చిన్న లారీ.

1980ల మొదట్లో మన దేశంలో తేలికపాటి లారీలు, అంటే ఊరి లోపల సరుకు తిప్పే సైజువి, పెద్దగా బాగుండేవి కావు. పాత డిజైన్లు, డీజిల్ తెగ తాగేవి. అప్పుడు కేంద్ర ప్రభుత్వం జపాన్ కంపెనీలతో కలిసి తయారీకి అనుమతులిచ్చింది. ఒకేసారి నాలుగు జోడీలు వచ్చాయి. ఢిల్లీ పక్కన సూరజ్‌పూర్‌లో డీసీఎం టొయోటా, పంజాబ్‌లో స్వరాజ్ మాజ్డా, మధ్యప్రదేశ్ పీతంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, మన దగ్గర అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. బొంబాయి హైవే మీద ఫ్యాక్టరీ. బండి పేరు క్యాబ్‌స్టార్.

మామూలుగా ఇలాంటి కథల్లో విదేశీ కంపెనీ ఆఖర్లో వస్తుంది, హీరోలాగా, మునుగుతున్న లోకల్ కంపెనీని లాగి ఒడ్డున వేస్తుంది. ఇక్కడ విదేశీ పార్ట్‌నర్ మొదటి రోజు నుంచే ఉన్నాడు, అయినా బండి ఒడ్డుకి చేరలేదు. ఎందుకు?

దీనికి కారణం జహీరాబాద్‌లో లేదు, అమెరికాలో ఒక హోటల్లో ఉంది. 1985 సెప్టెంబర్ 22న న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ ఆర్థిక మంత్రులు కూర్చుని డాలర్ విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకున్నారు. దాన్ని ప్లాజా ఒప్పందం అంటారు. అప్పుడు ఒక డాలర్‌కి దాదాపు 240 యెన్లు. 1987 చివరికి 120 దరిదాపుల్లోకి వచ్చేసింది. యెన్ విలువ రెట్టింపు అయ్యిందన్నమాట.

అయితే మనకేంటి అంటారా? జాయింట్ కంపెనీ పెట్టగానే బండి మొత్తం ఇక్కడే తయారైపోదు. ముందు ఇంజిన్, గేర్‌బాక్స్ లాంటివి పార్టులు పార్టులుగా జపాన్ నుంచి వస్తాయి, ఇక్కడ బిగిస్తారు. ఏటేటా ఇక్కడి పార్టులు పెంచుకుంటూ పోవాలి, అది ప్రభుత్వం పెట్టిన షరతు. కాబట్టి మొదటి కొన్నేళ్లు బిల్లు యెన్లలో వస్తుంది. ఊరికే లెక్క కోసం, ఒక బండికి 5 లక్షల యెన్ల పార్టులు కావాలనుకోండి. 1985లో రూపాయల్లో అది దాదాపు 25 వేలు. 1987 చివరికి అవే పార్టులు, అదే బోల్టు, అదే నట్టు, 50 వేలు దాటాయి. జహీరాబాద్‌లో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. ఒక్క షిఫ్టు కూడా ఆగలేదనుకోండి. అయినా ఖర్చు రెట్టింపు.

సరే, బండి రేటు పెంచేద్దాం అంటే? 1986లో టాటా 407 వచ్చింది. ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్న అదే 407. దానికి జపాన్ పార్ట్‌నర్ లేడు, యెన్లలో బిల్లు లేదు. మన ఓవర్‌లోడ్‌కి, మన గుంతలకి తగ్గట్టు చేసుకున్నారు, ఏ మెకానిక్ అయినా విప్పగలడు. మరి ట్రాలీ నడిపి బతికేవాడు ఏది కొంటాడు? మా కాకని అడగండి, ఒక్క క్షణంలో చెప్తాడు.

పైగా నాలుగు జపాన్ జోడీలూ ఒకే మార్కెట్ కోసం దిగాయి. కార్లు, లారీల బిజినెస్‌లో ప్రాణం తీసేది ఇదే. కిరాణా షాపులో బేరం తగ్గితే సరుకు తక్కువ తెచ్చుకుంటారు. ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్లు, డైలు, పెయింట్ షాప్ ఇవన్నీ ముందే అప్పు చేసి కట్టేస్తారు. నెలకి వెయ్యి బండ్లు అమ్మినా, వంద అమ్మినా బ్యాంకు వడ్డీ అదే. అందుకే కార్ల కంపెనీ మెల్లగా చిక్కిపోదు. ఒక గీత వరకు బానే ఉంటుంది, గీత కింద పడితే జారిపోతుంది.

చివరికి 1989లో ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది. పేరు మహీంద్రా నిస్సాన్ ఆల్విన్ అయ్యింది. తర్వాత కొన్నేళ్లకి మొత్తంగా మహీంద్రాలో కలిసిపోయింది. ముందు నిస్సాన్ పేరు పోయింది, ఆల్విన్ పేరు పోయింది, ఫ్యాక్టరీ మిగిలింది. కాపాడినవాడు టోక్యో నుంచి రాలేదు, బొంబాయి నుంచి వచ్చాడు.

జపాన్ వాడికి ఇది ప్రపంచంలో ఉన్న చాలా ఫ్యాక్టరీల్లో ఒక చిన్న వాటా. బొంబాయి వాడికి అప్పటికి జీపులు, ట్రాక్టర్లు ఉన్నాయి, చిన్న లారీ కావాలి. ఆ రోజుల్లో కొత్త ఫ్యాక్టరీ కట్టాలంటే లైసెన్స్ కోసం ఢిల్లీ చుట్టూ తిరగాలి. కట్టిన షెడ్డు, తీసుకున్న అనుమతులు, పని నేర్చిన మనుషులు, హైవే పక్కన స్థలం, ఇవన్నీ ఒకేచోట రెడీగా దొరికితే ఎవడు వదులుకుంటాడు? ఇది నా అంచనా, కానీ బేరం చూస్తే ఇంకోలా అనిపించదు. నష్టాల కంపెనీని జాలితో ఎవరూ కొనరు, అందులో తనకి పనికొచ్చే ముక్క కనిపిస్తే కొంటారు.

మరి తల్లి కంపెనీ ఆల్విన్ సంగతి? అది 1990ల్లో ముక్కలైపోయింది. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కి వెళ్లింది, మిగతావి మూతపడ్డాయి. తల్లి పోయింది, ఆఖరి బిడ్డ మాత్రం వేరే ఇంటి పేరుతో బతికింది. జహీరాబాద్‌లో ఇప్పుడు త్రీవీలర్లు తయారవుతాయి, 2013 నుంచి ట్రాక్టర్లు, 2015 నుంచి మా కాక నడిపే జీతో.

మిగతా మూడు జోడీల గతి కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు పాఠం అక్కడే ఉంది. డీసీఎం టొయోటాని 1990ల మధ్యలో కొరియా కంపెనీ డేవూ తీసుకుంది. అచ్చం సినిమా లాంటి ఎంట్రీ. సియెలో కారు, తర్వాత మాటిజ్. మీ నాన్నల్ని అడగండి, సియెలో అంటే అప్పట్లో ఎంత క్రేజో చెప్తారు. కానీ 1999లో డేవూ గ్రూపే అప్పుల్లో కూలిపోయింది, 2000 నవంబర్‌లో డేవూ మోటార్ దివాలా తీసింది. దాన్ని జనరల్ మోటార్స్ కొనేటప్పుడు సూరజ్‌పూర్ ఫ్యాక్టరీని తీసుకోలేదు. కారు డిజైన్ తీసుకెళ్లారు, అదే మాటిజ్ తర్వాత చెవ్రొలే స్పార్క్ పేరుతో మన రోడ్ల మీదకి వచ్చింది. ఫ్యాక్టరీని, మనుషుల్ని వదిలేశారు. కాపాడటానికి వచ్చినవాడే మునిగితే, మనం వాడి కింద ఉంటాం.

ఐషర్ మాత్రం నిలబడింది, 2008లో స్వీడన్ వోల్వోతో కలిసింది. స్వరాజ్ మాజ్డా జపాన్ సుమిటోమో చేతికి వెళ్లి ఎస్‌ఎంఎల్ ఇసుజు అయ్యింది. 2025లో దాన్ని కొన్నదెవరో తెలుసా? మళ్లీ మహీంద్రానే, 58.96 శాతం వాటాకి 555 కోట్లు. నాలుగు జపాన్ జోడీల్లో రెండు చివరికి ఒకే ఇంటికి చేరాయి.

ఇక్కడ చాలామంది కామెంట్లలో అడుగుతుంటారు, 'అన్నా, దివాలా అంటే కంపెనీ మూతేనా?' అని. కాదు. రెండూ వేరు. మన బస్తీలో కిరాణా షాప్ అనుకోండి. షాపాయన అందరికీ ఉద్దెర ఇచ్చాడు, బేగంబజార్ హోల్‌సేలర్‌కి తను బాకీ పడ్డాడు. షాప్ రోజూ నడుస్తోంది, జనం వస్తున్నారు, కానీ హోల్‌సేలర్‌కి ఇవ్వాల్సిన రోజు చేతిలో డబ్బు లేదు. అదే దివాలా. అప్పుడు రెండు దారులు. షట్టర్ దించి బరువులు, త్రాసులు అమ్మి పంచుకోవడం ఒకటి. లేదా, 'షాప్ నడవనివ్వండి, బాకీలో కొంత వదులుకోండి, కొత్త ఓనర్ వస్తాడు' అని అప్పులోళ్లందరినీ కూర్చోబెట్టడం రెండోది. కోర్టు చేసే పని ఎక్కువగా ఆ కూర్చోబెట్టడమే.

ప్రపంచంలో దీనికి పెద్ద ఉదాహరణ క్రైస్లర్. 2009 ఏప్రిల్ 30న అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది, జూన్ 10కల్లా బయటికి వచ్చింది. 42 రోజులు. మనకి ఆర్సీ కార్డు చేతికి రావడానికే అంత పడుతుంది ఒక్కోసారి. ఎలా చేశారంటే, కంపెనీని రెండుగా చీల్చారు. మంచి ఫ్యాక్టరీలు, జీప్ లాంటి బ్రాండ్లు కొత్త కంపెనీలోకి, పాత అప్పులు, అక్కర్లేని ఆస్తులు పాత కంపెనీలోకి. కొత్త దాంట్లో ఇటలీ ఫియట్‌కి మొదట 20 శాతం వాటా ఇచ్చారు. ఫియట్ దానికి పెట్టిన నగదు సున్నా. చిన్న కార్ల టెక్నాలజీ, ఇంజిన్లు ఇస్తానంది, అంతే. డబ్బు పోసింది అమెరికా, కెనడా ప్రభుత్వాలు. 2014 జనవరికల్లా మొత్తం కంపెనీ ఫియట్‌ది అయిపోయింది.

మరి ఎవరు కట్టారు ఈ బిల్లు? 690 కోట్ల డాలర్లు అప్పిచ్చిన సంస్థలకి 200 కోట్లు ఇచ్చి సరిపెట్టారు. 789 డీలర్‌షిప్‌ల ఒప్పందాలు రద్దు చేశారు. ఇలాంటి బేరాల్లో షేర్లు కొన్నవాళ్లు సాధారణంగా లైన్‌లో ఆఖరున ఉంటారు. మన దేశంలో 2016 దివాలా చట్టం కూడా కంపెనీని అమ్మి పంచాల్సి వస్తే ఒక వరస రాసిపెట్టింది. మొదట దివాలా ప్రక్రియ ఖర్చులు, తర్వాత తాకట్టు ఉన్న బ్యాంకులు, వాళ్లతో సమానంగా కార్మికుల 24 నెలల బకాయిలు, తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు, అలా కిందికి పోతుంది. షేర్‌హోల్డర్ల దాకా వచ్చేసరికి ప్లేట్ ఖాళీ. చవగ్గా వచ్చింది కదా అని దివాలా కంపెనీ షేర్లు యాప్‌లో కొనే తమ్ముళ్లు ఈ వరస ఒకసారి గుర్తుపెట్టుకోండి, ప్లీజ్.

ఇప్పుడు కథ తిరగబడుతుంది. జహీరాబాద్‌లో లోకల్ రక్షకుడిగా వచ్చిన మహీంద్రానే ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో దేశంలో 'విదేశీ పార్ట్‌నర్' అయ్యింది. దక్షిణ కొరియా కంపెనీ శాంగ్‌యాంగ్. దాన్ని అంతకుముందు చైనాకి చెందిన ఎస్‌ఏఐసీ కొంది, 2009 జనవరిలో అది కోర్టు రక్షణకి వెళ్లింది. 2,600 మందికి పైగా ఉద్యోగాలు తీసేస్తామంటే కార్మికులు ప్యాంగ్‌టెక్ ఫ్యాక్టరీలో తలుపులేసుకుని కూర్చున్నారు. 77 రోజులు. లోపలికి నీళ్లు ఆపేశారు, పోలీసులు హెలికాప్టర్ల నుంచి దిగారు. ఆ తర్వాతి ఏళ్లలో ఉద్యోగం పోయిన కుటుంబాల్లో ఆత్మహత్యలు కూడా జరిగాయి. ఆ వీడియోలు ఇప్పటికీ ఉన్నాయి, నేను సగం చూసి ఆపేశా.

అలాంటి కంపెనీని మహీంద్రా 2011లో దాదాపు 2,100 కోట్ల రూపాయలకి 70 శాతం కొంది. మొదట్లో బానే నడిచింది. 2015లో టివోలి అని చిన్న ఎస్‌యూవీ హిట్ అయ్యింది. ఆ టివోలి ప్లాట్‌ఫామ్ మీదే 2019లో మన ఎక్స్‌యూవీ 300 వచ్చింది. షాలిబండ రోడ్డు మీద సాయంత్రం నిలబడితే పది నిమిషాల్లో ఒకటి కనిపిస్తుంది. పార్ట్‌నర్‌షిప్‌లో పనికొచ్చిన ముక్క ఎక్కడికి వచ్చిందో చూశారుగా? తర్వాత నష్టాలు మళ్లీ మొదలయ్యాయి, కరోనా వచ్చింది. 2020 ఏప్రిల్‌లో మహీంద్రా బోర్డు ఇక కొత్త పెట్టుబడి పెట్టమని చెప్పేసింది. అదే ఏడాది డిసెంబర్ 21న శాంగ్‌యాంగ్ మళ్లీ కోర్టుకెళ్లింది. చివరికి 2022లో కొరియా వాళ్లదే అయిన కేజీ గ్రూప్ తీసుకుంది, ఇప్పుడు పేరు కేజీ మొబిలిటీ. కొరియాని కాపాడింది కొరియా కంపెనీ, జహీరాబాద్‌ని కాపాడింది ఇండియా కంపెనీ. మహీంద్రాని తిట్టాలని చెప్పట్లేదు. దాని షేర్‌హోల్డర్ల డబ్బు అది. కానీ ప్యాంగ్‌టెక్‌లో నిలబడి చూసేవాడికి మనమే ఆ 'వచ్చి వెళ్లిపోయిన ఫారిన్ కంపెనీ'.

ఇది నాకు ఎందుకింత పట్టిందో కూడా చెప్తా. నా మొదటి ఉద్యోగం మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, పేరొద్దు. డబ్బులైపోతున్నాయని అందరికీ తెలుసు. ఒకరోజు 'ఎక్సైటింగ్ న్యూస్' అని మెయిల్ వచ్చింది, విదేశీ కంపెనీ మమ్మల్ని కొంటోందని. కేక్ కోశాం. నేను ఇంటికొచ్చి అమ్మకి మిఠాయి ఇచ్చా. మూడు నెలల తర్వాత తెలిసింది, వాళ్లకి కావల్సింది మా కస్టమర్ల లిస్టు, ఇంకో నలుగురు సీనియర్ ఇంజినీర్లు. నేను ఆ నలుగురిలో లేను. మీటింగ్ పన్నెండు నిమిషాలు. లాప్‌టాప్ ఇచ్చేసి 216 నంబర్ బస్సెక్కి మెహదీపట్నంలో దిగి, అక్కడి నుంచి ఇల్లు. కంపెనీ సేఫ్ అయ్యింది, న్యూస్ అబద్ధం కాదు. ఆ ఖాళీ నెలల్లోనే ఫోన్ ముందు కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టా, మీరు చూస్తున్న చానెల్ అదే.

సరే, ఇప్పుడు నిస్సాన్. అది మునగడం ఇది మొదటిసారి కాదు. 1999లో 2 లక్షల కోట్ల యెన్ల పైచిలుకు అప్పుల్లో ఉంటే ఫ్రాన్స్ రెనో వచ్చి 36.8 శాతం వాటా కొంది. కార్లోస్ గోన్‌ని పంపింది. ఆయన 21 వేల ఉద్యోగాలు, 5 ఫ్యాక్టరీలు తగ్గిస్తానని ప్లాన్ ప్రకటించాడు, రెండేళ్లలోపే లాభాల్లోకి తెచ్చాడు. జపాన్‌లో ఆయన మీద కామిక్ పుస్తకాలు వచ్చాయి. తర్వాత అదే జపాన్ 2018లో ఆయన్ని అరెస్ట్ చేసింది, 2019 చివర్లో ఆయన పెట్టెలో దాక్కుని విమానంలో దేశం దాటాడు. అది వేరే ఎపిసోడ్, చేస్తా.

2024 డిసెంబర్‌లో హోండాతో కలుస్తామని నిస్సాన్ చర్చలు మొదలుపెట్టింది, 2025 ఫిబ్రవరిలో తెగిపోయాయి. ఆ మార్చితో ముగిసిన ఏడాదికి నష్టం 67,090 కోట్ల యెన్లు. మేలో ప్రకటించింది, 20 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని, 17 ఫ్యాక్టరీల్ని 10కి తెస్తామని. కాక చూసిన షార్ట్‌లో ఉన్నది ఇదే, కాకపోతే 'ఖతం' అన్న మాట వాడు కలిపాడు. నష్టం వేరు, దివాలా వేరు, ఇందాక కిరాణా షాపులో చెప్పుకున్నాం.

మరి మాగ్నైట్? అది తయారయ్యేది చెన్నై దగ్గర ఒరగడం ఫ్యాక్టరీలో. అది రెనో, నిస్సాన్ కలిసి పెట్టింది. 2025లో నిస్సాన్ తన 51 శాతం వాటా రెనోకే అమ్మేసింది, కార్లు మాత్రం అక్కడే తయారు చేయించుకుంటోంది. అంటే జపాన్‌లో ఏమైనా, ఈ బండి ఎవరి చేతిలో తయారవుతోందన్న ప్రశ్నకి జవాబు వేరే కంపెనీ.

ఇదంతా కాకకి చెప్పా, అరగంట పట్టింది. ఛాయ్ రెండుసార్లు వచ్చింది. మొత్తం విని, "గదంత సరే. బంపర్ పోతే దొరుకుతదా?" అన్నాడు. ఇదీ అసలు ప్రశ్న. కంపెనీ బ్యాలెన్స్ షీట్ మనం కొనట్లేదు. కొనేముందు చూడాల్సింది, మీ ఇంటి నుంచి సర్వీస్ సెంటర్ ఎంత దూరం, మామూలుగా పోయే పార్టులు, బంపర్, హెడ్‌లైట్, సస్పెన్షన్ ముక్కలు, బయట షాపుల్లో ఉన్నాయా, ఇంజిన్ వేరే మోడల్లో కూడా వాడుతున్నారా. పుత్లీబౌలి పార్టుల షాపులవాళ్లకి ఏ కంపెనీ బతుకుతుందో టీవీ కంటే ముందు తెలుస్తుంది. వాళ్లు స్టాక్ పెట్టడం ఆపారంటే ఆలోచించాల్సిందే. నాలుగైదేళ్ల తర్వాత అమ్మితే ఎంత వస్తుందో సెకండ్ హ్యాండ్ యాప్‌లో ఇప్పుడే చూడొచ్చు, భయం మొదట అక్కడే కనిపిస్తుంది, రేటులో.

ఇంకోటి, షోరూమ్‌లో ఐదేళ్ల వారంటీ ప్యాకేజ్ అమ్ముతుంటే అది కార్ల కంపెనీ ఇస్తోందా, డీలర్ ఇస్తున్నాడా, ఇన్సూరెన్స్ కంపెనీనా అని కాగితం మీద పేరు చూడండి. మీ హక్కు ఆ పేరున్న వాడి మీదే. డీలర్ పేరుంటే, డీలర్ షట్టర్ దించితే కథ ముగిసింది.

కాక ఇంకా కొనలేదు. నిన్న జీతో ఆపి నన్ను ఎక్కించుకుని పుత్లీబౌలి తీసుకెళ్లాడు, తనే నాలుగు షాపుల్లో అడిగాడు. మూడింట్లో పార్టులున్నాయన్నారు, ఒకాయన 'తెప్పిస్తా, రెండ్రోజులు' అన్నాడు. వచ్చేటప్పుడు జీతో డాష్‌బోర్డు మీద చెయ్యేసి, "గిది నిస్సానోళ్ల షెడ్డులదా, నిజంగనే?" అని మళ్లీ అడిగాడు. అవును కాకా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. మదీనా దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, "మరి గా ఆల్విన్‌ల పన్జేసినోళ్లు ఏడికి వోయిన్రో" అన్నాడు.

మీ ఇళ్లల్లో ఆల్విన్‌లోనో, జహీరాబాద్ ఫ్యాక్టరీలో మొదటి రోజుల్లోనో పనిచేసిన తాతలు, మామయ్యలు ఎవరైనా ఉంటే కామెంట్‌లో రాయండి. వాళ్లు ఒప్పుకుంటే వచ్చి మాట్లాడి ఒక ఎపిసోడ్ చేస్తా.